క్లచ్ కాలు

మొన్న ఆదివారం మా ఆసుపత్రిలో డాక్టరు యోహన్నమ్మ గారికి వీడ్కోలు సభ జరిగింది. పద్నాలుగేళ్ళు ఈ లక్సెట్టిపేటలో వైద్యం చేసి ఆమె తన దేశం హాలెండుకు వెళ్ళిపోతోందని ఆ సభ. ఆసుపత్రి కమిటీ అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చి, మెడలో దండతో గంటసేపు మాట్లాడాడు. మాట్లాడితే మాట్లాడాడు. ఆమె మంచితనానికి ఉదాహరణ కావలసి వచ్చి, గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న మొగిలి వైపు చెయ్యి చూపించాడు. "తాగి కారు నడిపి ఈ డాక్టరమ్మ ప్రాణం మీదికి తెచ్చిన మనిషిని కూడా వెళ్ళగొట్టకుండా అన్నం పెట్టిన తల్లి" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మొగిలి గోడ పట్టుకుని లేచి అందరికీ దండం పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పేరు నర్మద. మాది కరీంనగర్. పదకొండేళ్ళుగా ఇక్కడ నర్సును. నర్మదమ్మ నోటికి భయపడి రోగం సగం తగ్గుతుందని వార్డులో వెక్కిరిస్తుంటారు. అంత నోరున్నదాన్ని, మూడేళ్ళ కింద ఆ నోరు తెరవాల్సిన రోజున తెరవలేదు. అప్పుడు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. మొగిలి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చుక్క కల్లు ముట్టిన మనిషి కాదు.

మొగిలిది మంచిర్యాల పక్కన నస్పూర్. వాళ్ళ బాపు మొండయ్య మాత్రం ఆదిలాబాద్‌లో పత్తి గింజలు తీసే మిల్లులో బెల్టుల దగ్గర పనిచేసేవాడు. అక్కడ ఒక పెద్ద ఇంజను తిరుగుతుంటే, దాని నుంచి ఒక్కో మిషనుకు పొడుగాటి తోలు బెల్టు పోతుంది. వానాకాలం తోలు చెమ్మగిల్లి చక్రం మీద జారేది. బెల్టు జారితే మిషను ఆగుతుంది, మిషను ఆగితే మేస్త్రీ తిడతాడు. అందుకని మొండయ్య దంచిన గుగ్గిలం సంచిలో పోసుకుని నడుముకు కట్టుకునేవాడు. జారుతున్న బెల్టు మీద పిడికెడు చల్లితే ఆ జిగురుకు బెల్టు చక్రాన్ని గట్టిగా పట్టుకునేది. దేవుడి ముందు నిప్పుల మీద వేస్తామే, ఆ గుగ్గిలమే. బాపు అంగీ దగ్గరికి పోతే గుడిలోకి పోయినట్టు ఉండేదని మొగిలి ఎన్నిసార్లు చెప్పాడో.

రజాకార్ల గడబిడ అణిగిన మరుసటేడు మొగిలి లారీ నేర్చుకున్నాడు. ఎనిమిదేళ్ళపాటు జన్నారం అడవి నుంచి మంచిర్యాల స్టేషనుకు టేకు దుంగలు తోలాడు. యాభై ఏడులో దుంగలు ఎక్కిస్తుండగా ఒకటి దొర్లి అతని ఎడమ కాలు మీద పడింది. యోహన్నమ్మ గారు ఆపరేషన్ చేసి కాలు నిలబెట్టారు గాని, మోకాలు కర్రలా బిగుసుకుపోయింది. పాదానికి తాకితే తెలియదు. నేను నౌకరీలో చేరిన మొదటి నెల అది. మత్తు దిగి కళ్ళు తెరవగానే అతను అడిగిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం.

"నర్సమ్మా, ఏ కాలు?"

"ఎడమది."

"అయ్యో, క్లచ్ కాలు" అని మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

అది మా వైపు లారీవాళ్ళ మాట. వాళ్ళకు కుడి కాలు, ఎడమ కాలు అని ఉండవు. కుడిది బండి వేగం పెంచే రేసు కాలు, ఎడమది క్లచ్ కాలు. క్లచ్ తొక్కనిదే గేరు మారదు, గేరు మారనిదే బండి గుట్ట ఎక్కదు. కుడి కాలు పోయినా ఏదో తంటాలు పడేవాణ్ణి, ఇది పోతే ఇక ఏముంది అని అతని బాధ. ఆ బాధ నాకు అప్పుడు అర్థం కాలేదు. ప్రాణం దక్కింది, సంతోషపడక ఏమిటీ ఏడుపు అని కసిరాను కూడా.

యోహన్నమ్మ గారు అతన్ని గేటు దగ్గర కాపలాకు పెట్టారు. నాలుగేళ్ళు ఆ స్టూలు మీదే ఉన్నాడు. గేటు ముందు నుంచే మంచిర్యాల రోడ్డు పోతుంది. లారీ వస్తోందంటే మొగిలి కళ్ళు మూసుకుని వినేవాడు. "గిప్పుడు సెకండ్ల వెయ్యాలె... వెయ్యలే... సంపుతుండు బండిని" అని గొణిగేవాడు. వింటున్నంతసేపూ ఎడమ తొడ అదిరేది. ఊరంతటికీ గేటు తీసి దారిచ్చే మనిషి తాను ఎక్కడికీ కదలలేదు. భార్య తారాబాయి ఆదిలాబాద్ మనిషి, నోరు మంచిది కాదు గాని మనసు మంచిది. "మా అన్న కాడ చేనున్నది, పోదాం పా. నక్కో, వద్దు మనకు గీ గేటు కొలువు" అని రోజూ పోరేది. "చేన్ల నేనేం జేస్త, దిష్టిబొమ్మ లెక్క నిలబడాల్నా?" అనేవాడు.

అరవై ఒకటిలో యోహన్నమ్మ గారు సెలవుకు వాళ్ళ దేశం వెళ్ళి, తిరిగి వస్తూ ఒక చిన్న కారు తెచ్చుకున్నారు. ఓడలో బొంబాయికి, రైల్లో మంచిర్యాలకు వచ్చింది. లేత నీలం రంగు, పెట్టెలాంటి ఆకారం, స్టీరింగు ఎడమవైపు. స్టేషను నుంచి ఆమే నడుపుకొచ్చింది. కమిటీవాళ్ళు ఊరుకోలేదు. అడవి దారుల్లో ఆడమనిషి బండి నడపడమేమిటి, డ్రైవర్ని పెట్టుకోవాలన్నారు. మంచిర్యాల నుంచి హనుమండ్లు అనే లారీ డ్రైవర్ని పిలిపించారు. మొగిలితో కలిసి దుంగలు తోలినవాడే. హనుమండ్లు కార్లో కూర్చుని కాళ్ళతో వెదికాడు. బ్రేకు దొరికింది, రేసు దొరికింది. వంగి చూశాడు, మళ్ళీ వెదికాడు.

"దొర్సానమ్మా, క్లచ్చేది?"

"లేదు" అందామె.

"గేర్లు?"

"లేవు. ముందుకు ఒకటి, వెనుకకు ఒకటి. అంతే."

హనుమండ్లు దిగిపోయాడు. "గిది బండి కాదు, ఆడోళ్ల బొమ్మ. గిది నడిపిన్నంటె మంచిర్యాలల నా మొకం జూస్తరా?" అని తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఈ మాటలన్నీ గేటు దగ్గర మొగిలి వింటూనే ఉన్నాడు. హనుమండ్లు మలుపు తిరిగేదాకా ఆగి, కాలు ఈడ్చుకుంటూ కారు దగ్గరికి వచ్చాడు. తలుపులోంచి లోపలికి చూశాడు. "రెండే" అన్నాడు. మళ్ళీ చూసి "రెండే ఉన్నయ్" అన్నాడు. యోహన్నమ్మ గారు అతని కాలు చూసింది, మొహం చూసింది, తలుపు తీసి పట్టుకుంది. అతను చేత్తో ఎడమ కాలు ఎత్తి లోపల పెట్టుకుని, దాన్ని ఒక పక్కకు జరిపి, కుడి కాలితో రేసు తొక్కాడు. కారు ముందుకు పోయింది. ఆవరణ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి తిరిగేటప్పుడు ఏడుస్తున్నాడు. నేనూ ఏడ్చాను, ఎందుకు దాచాలి.

దాని కిటుకు మాత్రం అతన్ని చాలా రోజులు సతాయించింది. లారీకి గొంతు ఉంటుందట. బండి వేగం అందుకున్నకొద్దీ గొంతు పెరుగుతుంది, గేరు మార్చగానే తగ్గుతుంది. దీని గొంతు ఒకే తీరుగా ఉంటుంది, చెట్లు మాత్రం వేగంగా వెనక్కి పోతుంటాయి. "ఇంజన్ నిలబడి పాడుతుంటె బండి ఉరుకుతున్నట్టున్నది నర్సమ్మా" అనేవాడు. యోహన్నమ్మ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ రోజు సాయంత్రం అతను మా వంటింట్లోంచి నాలుగు గిన్నె మూతలు, ఒక నవారు ముక్క అడిగి తీసుకుని నాకు చూపించాడు.

రెండు మూతలను వీపు వీపు ఆనించి పట్టుకుంటే మధ్యలో చీలిక ఏర్పడుతుంది. అందులో నవారు పెట్టాలి. మూతలు దగ్గరికి నొక్కితే నవారు అంచుదాకా ఎక్కుతుంది, దూరం చేస్తే నడిమికి దిగుతుంది. అటు ఇంజను దగ్గర ఒక జత, ఇటు చక్రం దగ్గర ఒక జత. అటు బెల్టు కింద ఉంటే ఇటు పైన ఉంటుంది. అప్పుడు బలం ఎక్కువ, వేగం తక్కువ, గుట్ట ఎక్కుతుంది. అటు పైకి ఎక్కి ఇటు కిందికి దిగితే వేగం. దానంతట అదే జరుగుతుంది, మనం చెయ్యి పెట్టే పని లేదు.

"గేర్లు లేవంటరు గని, లెక్కలేనన్ని ఉన్నయ్ నర్సమ్మా. ఒకదాన్లకెల్లి ఇంకోదాన్లకు తెల్వకుంటనె పోతది. కారు కింద గసొంటి బెల్టులు రెండున్నయ్, ఒక్కో చక్రానికొకటి. మా బాపు ఉంటె సూసి మురుస్తుండె."

మూతలు కడిగి పెట్టమని అరిచాను. కడిగే ఇచ్చాడు.

నాలుగేళ్ళు ఆ బండి మీద మేం తిరగని ఊరు లేదు. దండేపల్లి, జన్నారం, ఇందన్‌పల్లి, ఉట్నూర్ దాకా. కాన్పుకు రమ్మని కబురు వస్తే యోహన్నమ్మ గారు ముందు, నేను వెనక. జనం దాన్ని బెల్టు బండి అన్నారు, అతన్ని బెల్టు మొగిలి అన్నారు. మంచిర్యాల బస్టాండులో లారీవాళ్ళు మాత్రం "ఏమో మొగిలీ, కుట్టు మిషన్ మంచిగ నడుస్తుందా?" అని నవ్వేవాళ్ళు. అతను నవ్వుతూనే ఉండేవాడు, కాని ఆ పూటంతా మాట్లాడేవాడు కాదు.

సంతోషంగా ఉన్నాడనే అనుకున్నాను. అరవై మూడులో ఉట్నూరులో సర్కారు ఆఫీసుకు జీపు డ్రైవరు కావాలంటే చెప్పకుండా పోయి నిలబడ్డాడు. జీపుకు క్లచ్ ఉంటుందని తెలుసు. ఒక వెదురు కర్ర తీసుకుపోయి, దానితో క్లచ్ నొక్కి చూపిస్తానన్నాడట. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక చెయ్యి కర్ర మీద. మరి గేరు మార్చడానికి చెయ్యేదని అక్కడి అధికారి అడిగాడట. తిరిగొచ్చాక నాతో అన్నాడు. "రెండు జిల్లాల్ల నేను నడిపేటి బండి గిదొక్కటే నర్సమ్మా. దొర్సానమ్మ పొయ్యిన్నాడు నా డ్రైవర్‌గిరి గూడ పోతది. గేటు కాడి స్టూలు నా కోసమే ఉన్నది." స్టూలు మీద నుంచి లేచినవాడు కారు సీట్లో కట్టుబడిపోయాడని నాకు అప్పుడు తెలిసింది.

అరవై అయిదు వానాకాలంలో బెల్టులు అరిగాయి. అవి మిల్లు బెల్టుల్లా తోలువి కావు, రబ్బరువి. నీళ్ళు తగిలితే జారి కీచుమనేవి. యోహన్నమ్మ గారు కొత్త జత కోసం వాళ్ళ దేశానికి ఉత్తరం రాసింది. అంతలో పాకిస్తానుతో యుద్ధం మొదలైంది, ఓడలు ఎప్పుడొస్తాయో తెలియదు. కమిటీవాళ్ళు అదే అదనుగా, ఆ బొమ్మ బండి పక్కన పడేయండి, ఆసుపత్రికి జీపు ఇప్పిస్తాం, హనుమండ్లు నడుపుతాడన్నారు. కొత్త బెల్టులు వచ్చేదాకా చూద్దామని ఆమె గడువు అడిగింది. ఆ మాటలు జరుగుతున్నప్పుడు మొగిలి కిటికీ బయటే ఉన్నాడు. కొత్త బెల్టులు వచ్చేదాకా పాతవి నిలవాలి. నిలిస్తే అతను డ్రైవరు, నిలవకపోతే గేటు.

ఆమె అతన్ని పిలిచి జాగ్రత్త చెప్పింది. ఆమె తెలుగు గుంటూరు వైపు పంతులు పుస్తకంలోంచి నేర్పిన తెలుగు. "మొగిలీ, బెల్టులకు చమురు రాయవద్దు. ఎప్పుడూ రాయవద్దు. పొడి గుడ్డతో తుడువుము" అంది. "రాయ దొర్సానమ్మా" అన్నాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ తర్వాత వారం రోజులకు కీచు ఆగిపోయింది. గుట్టల మీద కూడా బెల్టు జారడం లేదు. ఏం చేశావని అడిగితే "తుడుస్తున్న" అన్నాడు. కారులో గుడి వాసన వస్తోందని అనుకున్నాను గాని, ముడుపులు కట్టే మనిషి కదా, ఏదో పొగ వేసి ఉంటాడని ఊరుకున్నాను.

సెప్టెంబరులో ఒకనాడు పొద్దున్నే ఇందన్‌పల్లి నుంచి పోశవ్వ అనే ఆమెకు నొప్పులని కబురు వచ్చింది. బయలుదేరాం. జన్నారం దాటాక చదును దారి, వేగంగానే పోయాం. తర్వాత గుట్ట మలుపు. ఎప్పుడూ అక్కడ కారు దానంతట అదే బలం అందుకునేది. ఆ రోజు అందుకోలేదు. ఇంజను మూలిగి ఆగిపోయింది. మొగిలి మళ్ళీ స్టార్టు చేసి రేసు పెంచాడు. వెనక కింద టప్పున పేలినట్టయింది. ఒక బెల్టు తెగింది. మిగిలిన బెల్టుతో, ఒక్క చక్రం లాగుతుంటే, కారు ఒక పక్కకు గుంజుకుంటూ పైదాకా వచ్చింది. అక్కడ రెండోది కూడా తెగింది.

యోహన్నమ్మ గారు, నేను సంచులు భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచాం. మేం చేరేసరికి పోశవ్వ కాన్పయి, బిడ్డను పక్కలో వేసుకుని గంజి తాగుతోంది. "గింత పొద్దెక్కి వస్తరా?" అని మమ్మల్నే తిట్టింది. మధ్యాహ్నం ఎడ్లబండి మీద గుట్ట దగ్గరికి తిరిగొచ్చాం. నడవలేని మనిషి కదా, మొగిలి కారు సీట్లోనే కూర్చుని ఉన్నాడు. అంతలో దుంగల లారీ వేసుకుని హనుమండ్లే అటుగా వచ్చాడు. దుంగలెత్తే కూలీలు పదిమంది దిగి కారు చుట్టూ మూగారు. యోహన్నమ్మ గారు కాళ్ళు కడుక్కోవడానికి వాగు దగ్గరికి పోయింది.

హనుమండ్లు కారు కిందికి వంగి, తెగిన బెల్టు బయటికి తీసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గిదేంది మొగిలీ, గుగ్గిలం వాసనొస్తుంది? ఏం రాసినవ్ దీనికి?"

గుడి వాసన, మొండయ్య నడుముకు సంచి, అన్నీ అప్పుడు నాకు ఒక్కసారిగా అర్థమయ్యాయి.

మొగిలి సీట్లోంచే జవాబు చెప్పాడు. "ఏం రాయలే. పొద్దుగాల తాగిన. మత్తుల రేసు ఎక్కువ కొట్టిన, తెగింది."

నేను నోరు తెరిచాను. అతను నా వైపు చూశాడు. అలా చూడగా నేనెప్పుడూ చూడలేదు, నోరు మూసుకున్నాను. కూలీలు పకపకా నవ్వారు. హనుమండ్లు వచ్చి అతని భుజం తట్టాడు. "ఇన్నేండ్లకు డ్రైవర్‌వైనవ్‌రా" అన్నాడు. కుట్టు మిషన్ మొగిలి పోయి, ఆ పూట అతను మళ్ళీ వాళ్ళలో ఒకడయ్యాడు. కారును లారీకి తాడుతో కట్టి ఆసుపత్రికి ఈడ్చుకొచ్చారు.

మరునాడు యోహన్నమ్మ గారు తెగిన బెల్టు బల్ల మీద పెట్టుకుని అతన్ని పిలిచింది. ఆమెకు అబద్ధం చెప్పలేదు. "గుగ్గిలం చల్లిన దొర్సానమ్మా. మీరు చమురు వద్దన్నరు. చమురు జారుడు. గుగ్గిలం పట్టుకునుడు. మా బాపు ముప్పై ఏండ్లు చల్లిండు, ఒక్క బెల్టు తెగలే" అన్నాడు. ఆమె నుదురు పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. మిల్లు బెల్టు ఒకే చోట తిరుగుతుంది, దానికి జారకపోవడమే పని. ఈ బెల్టు మూతల మధ్య జారుతూ ఎక్కాలి, జారుతూ దిగాలి. పేరుకున్న గుగ్గిలం దాన్ని ఇంజను వైపు పైనే అతికించేసింది, గుట్ట దగ్గర కిందికి దిగలేకపోయింది. "తప్పు నాది. ఏమీ రాయవద్దు అని చెప్పవలసినది. చమురు అన్నాను" అంది. గిన్నె మూతలతో నాకు పాఠం చెప్పిన మనిషి కదా, ఆమె సగం చెప్పేసరికే మొగిలికి మొత్తం తెలిసిపోయింది. అతని మొహం చూడలేక నేను మందుల అర వైపు తిరిగాను.

తాగాడన్న మాట ఊళ్ళో పాకింది. కమిటీదాకా పోయింది. నవంబరులో అధ్యక్షుడు ఇద్దరు సభ్యులను వెంటబెట్టుకుని విచారణకు వచ్చాడు. యోహన్నమ్మ గారు గట్టిగానే నిలబడింది. అతను ఆ రోజు తాగలేదు, నేను పక్కనే ఉన్నాను, బెల్టులు రాగానే అతనే నడుపుతాడు అంది. గుగ్గిలం సంగతి మాత్రం అతని నోటితోనే రావాలని వదిలింది. ఆమెది జాలి గుండె అని వాళ్ళకు అనుమానం. అతన్నే అడుగుదామన్నారు. మొగిలి గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు తాగావా?" అన్నాడు అధ్యక్షుడు.

"తాగిన."

యోహన్నమ్మ గారు కుర్చీలోంచి లేచింది. "మొగిలీ, నిజము చెప్పు. నాకు చెప్పినది వీరికి చెప్పు. కారు నీకు తిరిగి వచ్చును."

అతను నేల చూశాడు. "గదే నిజం దొర్సానమ్మా. తాగిన."

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "నువ్వూ బండిలో ఉన్నావు కదమ్మా. వాసన వచ్చిందా?"

వచ్చింది, గుగ్గిలం వాసన వచ్చింది అని చెప్పాలి. ఆ ఒక్క మాటతో అంతా తేలిపోయేది. మొగిలి తల ఎత్తి నన్ను చూశాడు, గుట్ట మీద చూసినట్టే. "నేను వెనక కూర్చున్నాను. నాకు తెలియదు" అన్నాను. పదకొండేళ్ళ నౌకరీలో నేను చేసిన పాడు పని అదొక్కటే. తాగే మనిషి ఇక ఆసుపత్రి బండి ముట్టకూడదని రాసుకుని కమిటీ వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే గేటు దగ్గర అతన్ని నిలేసి కడిగేశాను. "నీకు మతి ఉందా మొగిలన్నా? బండి చేతికి వస్తుంటే కాలదన్నుకుంటావా?"

అతను తాపీగా స్టూలు మీద కూర్చున్నాడు. "తాగుబోతు డ్రైవర్లు మస్తుగున్నరు నర్సమ్మా. ఇయ్యాల తాగుతడు, రేపు మానుతడు, మల్ల డ్రైవరే. నాలుగేండ్లు తోలి, బండి ఎట్ల నడుస్తదో తెల్వనోడు డ్రైవరే కాదు. గా హనుమండ్లు ముంగట, మంచిర్యాల లారీలోల్ల ముంగట, గుగ్గిలం మొగిలి అని పిలిపించుకోవాల్నా? గది నాతోని గాదు. నా మీద ఒట్టు, ఎవ్వలికి జెప్పకు. తారకు గూడ జెప్పకు."

జీపు వచ్చింది. హనుమండ్లు దాన్ని నడుపుతున్నాడు. జనవరిలో కొత్త బెల్టులు కూడా వచ్చాయి, ఒక జత వేసి ఒక జత దాచారు. కారును యోహన్నమ్మ గారే నడుపుకునేది. గేటు తీయడం మొగిలి పని. కారు పోతుంటే కళ్ళు మూసుకుని వినేవాడు. దానికి గేర్లు లేవు కాబట్టి గొణగడానికి కూడా ఏమీ ఉండేది కాదు.

నిన్న ఆమె వెళ్ళిపోయింది. కారు ఆసుపత్రికే ఇచ్చేసింది, మంచిర్యాల స్టేషను దాకా అందులోనే పోతానంది. ఇన్నేళ్ళకు హనుమండ్లు ఆ బొమ్మ బండి నడపడానికి ఒప్పుకున్నాడు, జీతం ముందు ఏ నామోషీ అయినా తగ్గుతుంది. గేటు దగ్గర కారు ఆపించి ఆమె దిగింది. మొగిలి రెండు చేతులూ పట్టుకుని "తప్పు నా మాటది" అంది. "పొయ్యిరాండ్రి దొర్సానమ్మా" అన్నాడతను. అప్పుడే తొలకరి జల్లు పడింది. కారు కదలగానే బెల్టులు కీచుమన్నాయి.

"హనుమండ్లూ, పొడి గుడ్డతోని తుడువు. ఇంకేం పెట్టకు. ఏం పెట్టకు" అని మొగిలి కేకేశాడు.

"తాగినోడు నాకు నేర్పుతుండు" అని హనుమండ్లు లోపలి నుంచి నవ్వాడు. కారు మలుపు తిరిగింది. మొగిలి గేటు మూసి గొళ్ళెం పెట్టాడు.

సాయంత్రం తారాబాయి అన్నం గిన్నె తీసుకుని వచ్చింది. నేను డ్యూటీ దిగి పోతూ అక్కడే ఉన్నాను. ఆమె గిన్నె కింద పెట్టి అతని ముందు నిలబడింది. అతను ఏమీ అడగకుండానే, రోగి డాక్టరుకు చూపించినట్టు నోరు తెరిచాడు. ఆమె వంగి వాసన చూసింది. తర్వాత గిన్నె మూత తీసింది. మూడేళ్ళుగా రోజూ ఇదే తంతని, ఆ నోరు వాసన చూడందే ఆమె అన్నం పెట్టదని నాకు నిన్ననే తెలిసింది.

ఇంటికి వచ్చి కలం తీశాను. ఒట్టు సంగతి గుర్తుంది. రేపు పొద్దున ఇది ముందు తారాబాయికే చదివి వినిపిస్తాను. మొగిలన్న ఇక నాతో మాట్లాడడు. మాట్లాడకపోతే మానె.